జ్వరం తగ్గితే జబ్బు తగ్గినట్టేనా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు మన ఇళ్లల్లో నేలవేము పేరు వినని నానీమా ఉండదు. వానలు పడి జ్వరాలు మొదలైతే చాలు, పొయ్యి మీదికి కషాయం ఎక్కుతుంది. కొందరు దీన్నే చిరాయతా అంటారు గాని, అసలు చిరాయతా హిమాలయాల్లో పెరిగే వేరే మొక్క. కొనేటప్పుడు చూసుకోవాలె.

నేలవేము చేదుకు ముఖ్యమైన మూలం ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థం. 1911లో గోర్టర్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వేరు చేసినాడు. తరువాత జ్వరం తెప్పించిన ఎలుకలకు ఇచ్చి చూస్తే వేడి తగ్గింది. 1991లో థాయిలాండులో గొంతువాపు వచ్చిన 152 మంది పెద్దవాళ్ల మీద పరీక్ష జరిగింది. రోజుకు 6 గ్రాముల నేలవేము తీసుకున్నవారికి, మూడో రోజుకు జ్వరం, గొంతునొప్పి పారాసిటమాల్‌తో తగ్గినట్టే తగ్గినవి. 3 గ్రాములవారికి అంత గుణం రాలేదు. ఏడో రోజుకు అందరూ ఒక్కతీరే. కనుక పెద్దల మాట వట్టిది కాదు. అయితే అది గొంతువాపు సంగతి. పైగా మన గిన్నెలో కాచిన కషాయానికి గ్రాముల లెక్క లేదు.

ఇక్కడే మా మనవి. జ్వరం తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు.

మలేరియా జ్వరం వచ్చి, దానంతటదే దిగి, మళ్లీ రావచ్చు. ఆ మధ్యలో కషాయం తాగితే దాని గుణమే అనుకుంటాము. క్రిమి మాత్రం రక్తంలోనే ఉంటుంది. ఆ క్రిమిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. మనిషి ఒంట్లో అది ఉన్నదా లేదా అన్నది రక్తపరీక్షే చెప్పాలె. డెంగ్యూ ఇంకా మోసకారి. కొందరికి జ్వరం దిగే రోజుల్లోనే అసలు ప్రమాదం మొదలవుతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, బాగా నీరసం కనబడితే ఒంటివేడి లేకున్నా వెంటనే దవాఖానకు పోవాలె.

గర్భిణులు నేలవేము తాగరాదు. షుగర్, బి.పి., రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగాలె.

కషాయం కాచుకోండి, మేము కాదనము. కాని గిన్నె పొయ్యి మీద పెట్టిన రోజే రక్తపరీక్ష కూడా చేయించండి. సెలవు.