నెపం వయసు మీదకు నెట్టకండి

(బెంజ్ సర్కిల్ దగ్గర జరిగిన సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, లెక్కలు రాసి రిటైరైన వాణ్ణి. కనుక వైద్యం చెప్పను. నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను.

బందరు రోడ్డు మీద నాతో సమానంగా నడిచే మా ఆవిడ ఒక ఏడాది గుమ్మం దాటడం మానేసింది. మే నెల బెజవాడ ఎండల్లోనూ చలి అనేది. మాట మందగించింది. "అరవై దాటాయి, ఇంకెలా ఉంటుంది?" అని నేనే తీర్పు చెప్పేశాను. ఎనిమిది నెలలు గడిచాయి. సంక్రాంతికి వచ్చిన మా కోడలు పట్టుబట్టి రక్తపరీక్ష చేయించింది. థైరాయిడ్ బాగా తగ్గిపోయిందన్నారు. రోజుకొక చిన్న మాత్ర, అంతే. వేసవి వచ్చేసరికి మళ్లీ నా మీద కేకలు వేయసాగింది. ఆ కేకలకు ఎంత సంతోషించానో, పోయిన నెలలు తలచుకుని అంత సిగ్గుపడ్డాను.

మన సభ్యుడొకాయన బెంజ్ సర్కిల్లో రోడ్డు దాటాలంటే భయమని మీటింగులకు రావడం మానేశారు. వయసు కాదు, కంటిలో శుక్లం. ఆపరేషన్ అయ్యాక ఈవేళ ముందు వరుసలో కూర్చున్నారు. వినబడకపోతే చెవిలో గులిమి కావచ్చు. లేవగానే తూలితే బి.పి. మందు మోతాదు ఎక్కువ కావచ్చు. మతిమరుపుకు బి-12 లోపం కారణం కావచ్చు. ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడం మనసుకు వచ్చిన జబ్బు కావచ్చు. అన్నీ నయమవుతాయనను. కానీ చూపించుకోకుండా తేల్చేయకూడదు.

మన బందరులో 1929లో పుట్టిన ఆచార్య చిలుకూరి శాంతమ్మగారు 1989లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పదవీ విరమణ చేశారు. 2022లో, 93 ఏళ్ల వయసులో, మోకాళ్లకు ఆపరేషన్లు జరిగాక చేతికర్రల సాయంతో వెళ్లి విజయనగరంలో ఫిజిక్స్ పాఠాలు చెప్పారు. మనమందరం అలా కాలేకపోవచ్చు. కానీ మోకాళ్లు అరిగాయని ఆమె పాఠం ఆపలేదు. అది గుర్తుంటే చాలు.

చివరిగా ఒక మనవి. బ్రతికి ఉన్నామని పెన్షను కోసం ఏటా ధ్రువపత్రం ఇస్తున్నాం. ఎలా బ్రతికి ఉన్నామో కూడా అదే వారంలో చూపించుకుందాం. బి.పి., షుగరు, కన్ను, చెవి, రక్తం. వాడుతున్న మందుల చీటీ సహా. దంపతులిద్దరూ కలిసి వెళ్లండి. పెన్షను పుస్తకంలో పేరు లేని ఇల్లాలిని మరచిపోకండి.