పట్టా అసలుదేనా? చెప్పే చిన్న ప్రోగ్రాం

కడపలో యోగి వేమన, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం. ఇక్కడ చదివిన పిల్లలు పట్టా చేతపట్టుకొని హైదరాబాదుకో బెంగళూరుకో ఉద్యోగానికి వెళ్తారు. అక్కడ తప్పక వచ్చే ప్రశ్న ఒకటుంది. ఈ సర్టిఫికెట్ అసలుదేనా?

దానికి జవాబిచ్చే చిన్న ప్రోగ్రాం కంప్యూటర్ చదివే పిల్లలు సులువుగా రాయొచ్చు. బొమ్మలు, బటన్లు అక్కర్లేదు. నల్లటి తెర, దానిమీద అక్షరాలు, అంతే. పైథాన్ కొద్దిగా వస్తే చాలు. ప్రోగ్రాం హాల్‌టికెట్ నంబరు అడుగుతుంది. పేరు, పాసైన సంవత్సరం అడుగుతుంది. తన దగ్గరున్న జాబితాలో వెతుకుతుంది. మూడూ కలిస్తే 'సరిపోయింది' అంటుంది. కలవకపోతే 'సరిపోలేదు' అంటుంది. 'దొంగ పట్టా' అని మాత్రం అనకూడదు. ఇంటిపేరు ముందు రాసినా, వెనక రాసినా తేడా వచ్చేస్తుంది. అంతమాత్రాన కష్టపడి చదివిన బిడ్డ మీద నింద పడకూడదు. అక్కడ మనిషే చూడాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి. జాబితా ఎవరిచ్చారన్నదే అసలు సంగతి. అది పట్టా ఇచ్చినవారి నుంచే రావాలి. తెచ్చినవారి నుంచి కాదు.

దేశమంతటికీ పట్టాలు సరిచూసే ఈ పని చేసేది నేషనల్ అకడమిక్ డిపాజిటరీ. అందులో పట్టాలు పెట్టేది విద్యాసంస్థలే. ఆ పట్టాలను మనం చూసుకునేది డిజిలాకర్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతాలో. అందులో జారీ అయిన పట్టాలను చెల్లేవిగా తీసుకోండని 2022లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) విద్యాసంస్థలను కోరింది. మనమే ఫోటో తీసి ఎక్కించిన కాగితానికి ఆ విలువ లేదు. మీ పట్టా డిజిలాకర్‌లోని 'ఇష్యూడ్' విభాగంలో ఉందో లేదో, ఇంటర్వ్యూకు బస్సెక్కకముందే చూసుకోండి.