నాలుగవ తీగ
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల యెదుట చేసిన ప్రసంగము)



ఇప్పుడు మన పిల్లలు విజ్ఞాన ప్రదర్శనములకై కూర్చు పరికరములలో చిన్న రేడియో మాడ్యూలు తరచుగా కానవచ్చుచున్నది. "ఇంకొక తీగ కావలయును నాన్నా" అని పిల్లవాడడిగినచో, మూడు తీగలు చాలవా యని మీరనవచ్చును. ఆ నాలుగవ తీగను గూర్చియే నేను మనవి చేయదలచితిని. పుదుచ్చేరి మొత్తముమీద మన తెలుగువారము అల్పసంఖ్యాకులమే యైనను, ఈ విద్యను మన మాటలలో చెప్పుకొనుటకు అడ్డేమియు లేదు.

గౌతమీ తీరమున రొయ్యలు పెంచువారికి తెల్లవారుజాము ఎట్టి గడియయో తెలియును. పగలు నీటిలోని నాచు ప్రాణవాయువును విడుచును. రాత్రి నాచును, రొయ్యలును గూడ దానినే పీల్చును. కావున సూర్యోదయమునకు ముందు అది మిక్కిలి తగ్గును. లీటరునకు 3 మిల్లీగ్రాములకంటె దిగెనేని, ఏరేటర్లు తిరుగకున్న పంటకే ముప్పు. చెరువుగట్టున కొలత పరికరమును, మాడ్యూలును, బ్యాటరీని ఉంచినచో ఇంటికి వార్త వచ్చుచుండును. చిక్కంతయు బ్యాటరీతోనే.

ఎక్స్‌బీ అను మాడ్యూలులో తొలి రకమును చూడుడు. పంపునపుడు 45 మిల్లీయాంపియర్లు, ఊరక చెవియొగ్గి యున్నపుడు 50 మిల్లీయాంపియర్లు వ్యయమగును. మాటలాడుటకంటె వినుటకే ఖర్చు హెచ్చు. నాకిది ఎప్పుడును వింతగనే తోచును. 2000 మిల్లీయాంపియర్-గంటల బ్యాటరీ 40 గంటలలో ఖాళీయగును. గాఢనిద్రలోనో, వ్యయము 10 మైక్రోయాంపియర్లకు లోపే. నిమిషమునకొక్క సెకను మేల్కొనినచో, లెక్క ప్రకారము అదే బ్యాటరీ మూడు నెలలు దాటి వచ్చును.

అయితే నిద్రించువానికి చెప్పిన మాట చెవికెక్కునా? ఈ మాడ్యూలు మేల్కొనుటకు సుమారు 13 మిల్లీసెకనులు పట్టును. సెకనునకు 9600 బిట్ల వేగమున, అక్షరమునకు 10 బిట్ల చొప్పున, ఆలోపల దాదాపు 12 అక్షరములు పోవును. చెరువు సంఖ్యతో మొదలై 2.8 తో ముగియు వార్తకు తల తెగి, తుదనున్న 8 మాత్రమే చేరెననుకొనుడు. ఇంటనున్నవాడు ఎనిమిదియని చదివి నిశ్చింతగా పండుకొనును. వార్త రాకుండుటకంటె ఇది చెడ్డది.

దీనికి విరుగుడే ప్రవాహ నియంత్రణము. గోదావరి కాలువలవారికి తూము తలుపు జ్ఞప్తికి వచ్చును, పోలిక సరియైనదే. 1960లో వెలువడిన ఆర్.ఎస్.-232 ప్రమాణపు కుటుంబమునకు చెందిన సి.టి.ఎస్. అనునదియే మన నాలుగవ తీగ. నిద్రకు పోవునపుడు మాడ్యూలు దానిపై వోల్టేజిని ఎత్తియుంచును, ఆగుమని అర్థము. మేల్కొనినపిదప దించును. మెలకువగా నున్నపుడును, లోపలి నిల్వ నిండుటకు 17 అక్షరముల చోటు మిగిలియుండగనే ఎత్తును. ఏలయన తలుపు దించినను కాలువలోని నీరు కొంత వచ్చి తీరునుగదా.

తీగ లేకయే 17, 19 అను సంకేతములచే పంపుము, ఆగుము అని చెప్పు పద్ధతియు కలదు. కాని కొలతయే 19 అను సంఖ్యగా నేరుగ పోయెనేని, ఆగుమని వినబడును. పైగా నిద్రించువాడు ఆగుమని మరల చెప్పజాలడు. తీగపై నెత్తిన వోల్టేజి నిలిచియుండును.

తీగ తగిలించుటయే చాలదు. పంపు పరికరము దానిని చూచి ఆగునట్లు ప్రోగ్రాము వ్రాయవలయును. పెక్కుమంది విద్యార్థులు ఇక్కడనే జారుదురు. పరీక్షకు మెట్టకూరులో మీ ఇంటి అరుగు చాలును. మాడ్యూలును నిద్రపుచ్చి, మేల్కొలుపుచునే ఒకటి మొదలు నూరువరకు అంకెలు పంపింపుడు. తీగ తీసి ఒకమారు, తగిలించి ఒకమారు. అవతల మొదటి అంకె ఏది చేరినదో పిల్లవానిచే వ్రాయింపుడు.