నోటీసు నుంచి కౌన్సెలింగ్ గదికి

(పెనుకొండలో జరిగిన మహిళల సమావేశంలో ఒక కౌన్సెలర్ చేసిన ప్రసంగ పాఠం)



"నీ అనుభవం చెప్పు, అంతే చాలు" అన్నారు మన సంఘం వాళ్లు. చెబుతాను. అయితే అనుభవం ఒక్కటే చాలదని చెప్పడానికే నేను వచ్చాను.

మాది ధర్మవరం, మగ్గాల ఇల్లు. 1998లో రెండో కాన్పు. మళ్లీ ఆడపిల్లే. పదిహేను రోజులు తిరక్కముందే నిద్ర పోయింది. బిడ్డ ఏడుస్తుంటే పక్కింట్లో ఎవరి బిడ్డో ఏడుస్తున్నట్టుండేది. కండెలు చుడుతుంటే చెయ్యి ఆగిపోయేది, ఎంతసేపు ఆగిందో నాకే తెలిసేది కాదు. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. ఒక డాక్టరు నా మొహం చూడకుండా మా అత్తను అడిగి నిద్రమాత్రలు రాశాడు. బిడ్డల్ని ఉంచుకుని నన్ను పుట్టింటికి పంపారు. ఆర్నెల్లకు వకీలు నోటీసు వచ్చింది, మతిస్థిమితం లేదు కనుక విడాకులు కావాలని.

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక రుగ్మత విడాకులకు ఒక కారణమే. కానీ రోగం పేరు చెబితే సరిపోదు, కాపురం చేయలేనంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే రామ్ నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. పదేళ్లయినా ఆ మాట మా వీధికి చేరలేదు. "పిచ్చిది" అన్న ఒక్క మాటతో ఆడదానికి ఇల్లు, బిడ్డలు, పెట్టిన బంగారం అన్నీ పోతాయి. అదే మగవాడికి మతి చెడితే పెళ్లాం సరిగా చూసుకోలేదంటారు!

మా అన్న నన్ను రైలెక్కించి హిందూపురం మీదుగా బెంగళూరు తీసుకుపోయాడు. అక్కడ ఒక మేడమ్ కన్నడం కలిసిన తెలుగులో "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తాదమ్మా?" అని అడిగి ఊరుకుంది. నా జవాబు కోసం కాచుకుంది. కాన్పు తర్వాత నన్ను ఒకరు ప్రశ్న అడగడం అదే మొదలు. మందులూ వాడాను. కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది. చివరకు విడిపోయాం గానీ ఆ కారణం మీద కాదు. పిల్లలు నా దగ్గరే పెరిగారు.

ఆ మేడమ్ లాగా కావాలనుకున్నాను. డిగ్రీ చదివి, కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకున్నాను. ఈ దారిలో నాకంటే ముందు నడిచినవాళ్లున్నారు. తల్లి మానసిక వైద్యశాలల్లో పడిన బాధ చూస్తూ పెరిగిన భార్గవి దావర్, 1999లో పుణెలో ఆ తల్లి పేరు మీదే బాపు ట్రస్ట్ పెట్టారు. భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద పుస్తకం రాశారు. 2024లో కన్నుమూశారు.

ఇక నా తప్పు చెప్పాలి. హిందూపురంలో పని మొదలుపెట్టిన కొత్తలో ధర్మవరం నుంచి ఒకామె వచ్చింది. మగ్గం మీద అప్పులు తీరక భర్త ఉరేసుకున్నాడు. ఆమె నాలుగు మాటలు చెప్పిందో లేదో, నేను నా కథ అందుకున్నాను. ధైర్యం చెబుతున్నాననే అనుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "నీకూ ఎంత కష్టం వచ్చిందమ్మా" అని నన్నే ఓదార్చి వెళ్లిపోయింది. తాను చెప్పుకోవాలని వచ్చింది చెప్పనేలేదు. పడ్డ కష్టం నన్ను ఆ కుర్చీ దాకా తెచ్చింది. అందులో కూర్చుని నోరు మూసుకోవడం మాత్రం వేరే నేర్చుకోవలసి వచ్చింది. ఆమె ఎనిమిది నెలలకు మళ్లీ వచ్చింది. ఆ రోజు గంటన్నర సేపు నేను పది మాటలు కూడా మాట్లాడలేదు.

2017లో మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చింది. రోగం ఉన్నంత మాత్రాన, కోర్టు తేల్చితే తప్ప, ఎవరినీ మతి లేని మనిషిగా లెక్కించరాదు. ఆస్పత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను మామూలుగా వేరుచేయకూడదు, బిడ్డకు ప్రమాదం ఉంటే తప్ప. ఈ మాట చదివిన రోజు పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

2022 అక్టోబరు నుంచి టెలిమానస్ ఉంది, 14416కు ఫోన్ చేస్తే డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. నోటీసు వచ్చినవాళ్లు మాత్రం సంతకం పెట్టకముందే ఆ కాగితం పట్టుకుని నా దగ్గరకు రండి.