దణ్ణమూ లెక్కా

దేవుణ్ణి నమ్మే మనసులో లెక్కకు చోటుంటుందా? దీనికి జవాబు మన తెలుగులోనే ఉంది.

9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం అనే లెక్కల గ్రంథం రాశాడు. ఆయన జైనుడు. జినుడికి మొక్కి లెక్కలు మొదలుపెట్టాడు. అప్పుడు ఏలింది రాష్ట్రకూటులు.

11వ శతాబ్దిలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఆయన శివభక్తుడు. జైన ఉదాహరణల చోట శైవ ఉదాహరణలు పెట్టాడు. ఉదాహరణ మారింది. లెక్క మారలేదు. అవును, లెక్క మారలేదు.

కాబట్టి తల్లిదండ్రులారా, పరీక్ష ముందు పిల్లల్ని దణ్ణం పెట్టుకోనివ్వండి. ఆ తర్వాత లెక్కలో ప్రతి మెట్టుకూ కారణం అడగండి. భక్తి ధైర్యమిస్తుంది. రుజువు లెక్కే ఇవ్వాలి. రెండూ ఒకే మనిషిలో ఉండగలవు.