తోటపని – మనశ్శాంతి



మనస్సు చంచలమని, దానిని నిలుపుట గాలిని బంధించుటవలె దుష్కరమని గీత ఆరవ అధ్యాయమున అర్జునుడు మొరపెట్టుకొనెను. అభ్యాసవైరాగ్యములచేత అది వశమగునని భగవానుడు సెలవిచ్చెను. ఆ అభ్యాసమునకు పెరటి మొక్కయు ఒక సాధనమే.

కారణము తెలియని దిగులుతో, గుండెదడతో, నిద్రలేమితో బాధపడువారు మా వద్దకు వచ్చి, ఏ జపము చేయవలెనని అడుగుచుందురు. కన్నులు మూసి కూర్చున్నచో భయము మరింత పెరుగుచున్నదని చెప్పువారును గలరు. అట్టివారిని ముందుగా తులసిని పెంచుడని మేము కోరుదుము.

తులసి విత్తు మొలకెత్తుటకు వారము, పదిరోజులు పట్టును. ఆత్రపడి మన్ను కెలికినచో మొలక చెడును. ఎండునేమో యను భయముతో పదేపదే నీరు పోసినచో వేరు కుళ్లును. పైమన్ను ఆరినపుడే నీరు పోయవలెను. వెన్నులు త్రుంచుచుండినచో మొక్క గుబురుగా పెరుగును. శ్రద్ధ వేరు, ఆందోళన వేరు అని ఆ మొక్కయే నేర్పును. విత్తి, నీరు పోయుట మన పని, మొలిపించువాడు ఈశ్వరుడు.

రామానుజాచార్యుల ఆజ్ఞచేత అనంతాళ్వారు తిరుమలలో పూలతోట పెంచి, స్వామికి పుష్పకైంకర్యము చేసెను. ఆయన గునపము నేటికిని ఆలయ మహాద్వారము వద్ద వ్రేలాడుచున్నది. దానిని చూచినపుడెల్ల, గునపము పట్టిన చేయి జపమాల పట్టిన చేతికి తీసిపోదని మాకు తోచును.

బాధ తీవ్రమైనచో వైద్యుని తప్పక ఆశ్రయింపుడు; ధన్వంతరియు విష్ణుస్వరూపుడే గదా! మందును మానక, మొక్కను విడువక యుండుడు.

రేపటి ఉదయమే ఒక కుండలో మన్ను నింపుడు. తొలిదళములను స్వామి పాదములకు సమర్పింపుడు.

స్వస్తి.