ఖరగ్‌పూర్ పిల్లలకు ఒక అమెరికా ప్రశ్న



అమెరికా చరిత్రలో పిల్లల్ని పరీక్షించాలంటే ఏం అడుగుతాం? తొలి అధ్యక్షుడెవరు? స్వాతంత్ర్యం ఎప్పుడు? వాషింగ్టన్, 1776. టకటకా చెప్పేస్తారు. అక్కడి పౌరసత్వం కోసం మనవాళ్లు కూడా ఇలాంటివే బట్టీపట్టి అధికారి ముందు అప్పజెప్తారు.

మన రైల్వే ఊరి పిల్లల్ని నేనైతే ఇంకోటి అడుగుతాను. 1944లో ఖరగ్‌పూర్‌లో అమెరికన్లకు ఏం పని?

అప్పుడు జపాన్‌తో యుద్ధం. బి-29 అనే భారీ బాంబర్లు కొత్తగా వచ్చాయి. వాటిని నడిపిన ఇరవయ్యో బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయం మన ఖరగ్‌పూరే! కలైకుండా, దూధ్‌కుండీ, చాకులియాల్లో రన్‌వేలు. ఆ ఏడు జూన్‌లో బి-29ల తొలి దాడి బ్యాంకాక్ మీద. బయల్దేరింది ఈ చుట్టుపక్కల నుంచే. ఇక్కడే ఎందుకంటారా? కలకత్తా రేవు దగ్గర. రైలు దారి సిద్ధం. నేల చదును.

మరి ఆ అమెరికన్లు ఆఫీసు పెట్టుకున్నదెక్కడ? హిజ్లీ జైలు భవనంలో. అవును, 1931లో ఇద్దరు రాజకీయ ఖైదీలను పోలీసులు కాల్చి చంపిన హిజ్లీయే. 1951లో ఐఐటీ మొదలైందీ అక్కడే. ఇంత చరిత్ర ఇంటి పక్కనుంటే, పిల్లల్ని వాషింగ్టన్ దగ్గరే ఆపేస్తున్నాం. ఇదేం పరీక్షండీ!

ఇప్పుడా పాత భవనంలో నెహ్రూ మ్యూజియం ఉంది. ఈసారి సెలవు రోజున పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. 1944 ప్రశ్న ఆ గోడల ముందే అడగండి.